చార్టులో అవ్వ

ఆ రోజుల్లో వాన మబ్బు చూసి ఏడ్చే రైతుబిడ్డ మా జఫర్‌గఢ్ చుట్టుపక్కల నేనొక్కణ్ణే ఉండేవాణ్ణి. ఊళ్ళో అందరూ మెడలు నొప్పి పుట్టేలా ఆకాశం వైపు చూస్తుంటే, నేను జనగామలో అద్దెగది కిటికీలోంచి అదే మబ్బుకు రెండు చేతులెత్తి దండం పెట్టేవాణ్ణి, తల్లీ, పోయి ఇంకెక్కడైనా కురవమని. మా నాయిన ఫోన్ చేసి "మొగులైతాందిర, ఇగ పడ్డట్టే" అని సంబరంగా చెబితే నేను ఫోన్ పెట్టేసి దండాలు రెట్టింపు చేసేవాణ్ణి. కారణమేమిటంటే నేను కప్పులకు పూత వేసే ఉద్యోగంలో ఉన్నాను. గోడలకు వేసే రంగు కాదు (అలా అంటే మా మేనేజరు బాధపడేవాడు). తుప్పు పట్టి కారుతున్న రేకుల కప్పుల్ని కడిగి, తుప్పు గీకి, అరిగిన వాషర్లు మార్చి, అతుకులు మూసి, పైన రబ్బరులాంటి తెల్లటి పూత రెండు సార్లు వేసి, కొత్త కప్పు ఖర్చు లేకుండా ఇంకొన్నేళ్ళు బతికించే పని. జిన్నింగు మిల్లులు, గోదాములు, ఫంక్షన్ హాళ్ళు మా పేషెంట్లు. ఈ వైద్యానికి కావలసింది రెండే: కింద ఖాళీగా ఉన్న హాలు, పైన ఎండగా ఉన్న ఆకాశం. ఈ రెండూ ఒకేసారి దొరకవని తెలుసుకోవడానికి నాకు ఒక వేసవి మొత్తం, తలమీది జుట్టులో సగం ఖర్చయ్యాయి.

అంతకు ముందే నేను కొన్ని కొలువులు చూసి ఉన్నాను. ఒకదాన్ని నేను వదిలేశాను, మిగతావి నన్ను వదిలేశాయి. మొదట్లో "మావోడు ఇంజినీరు" అని ఊరి కచేరి కాడ నలుగురికీ చెప్పుకున్న నాయిన, తర్వాత "మావోడు ఏదో కంపినీల చేత్తడు" దగ్గరికి దిగి, చివరికి "మావోడు జనగామల ఉంటడు" అని ఊరుకునే స్థితికి వచ్చాడు. ఈ కొత్త కొలువుకు బస్సెక్కిస్తూ ఆయన నాతో అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. "గీ నౌకరి గూడ పోతె ఇంటికి రాకు... రా గని, పగటీలి రాకు. జర చీకటి పడ్డంక రా." కొట్టినా తిట్టినా అంత బాధ ఉండేది కాదు. ఆయన చాలా మెల్లగా, నా జేబులో బస్సు చార్జీ పెడుతూ అన్నాడు.

మా జనగామ బ్రాంచికి మేనేజరు గోదావరి వైపు మనిషి. మేమంతా చాటున చార్టు సారు అనేవాళ్ళం. ఏ పని ఏ రోజున మొదలై ఏ రోజున ముగుస్తుందో కంప్యూటరులో అడ్డగీతలు గీసి, మంచం దుప్పటంత కాగితం మీద అచ్చు తీసి గోడకు అంటిస్తే తప్ప ఆయనకు అన్నం సయించేది కాదు. "ప్లానే సగం పనయ్యా. ప్లాను సరిగ్గా ఉంటే పని దానంతటదే అయిపోద్ది" అనేవాడు. నేను 'గిట్ల' అంటే 'ఇలా' అని దిద్దేవాడు. మనిషి చెడ్డవాడు కాదు, కానీ ఆయన పైన ఇంకెవరో ఉండేవారు, వాళ్ళ పైన మరెవరో. ఒకరోజు నన్ను పిలిచి, బల్లమీద పెన్సిల్ దొర్లిస్తూ, నా కళ్ళలోకి చూడకుండా చెప్పాడు. "మహబూబాబాద్ ఫంక్షన్ హాలు పని ఈ మృగశిర లోపు అవ్వాలి. అవ్వకపోతే నీ బ్యాగు నువ్వు సర్దుకోవాల్సి వస్తుంది. అవ్వాలంతే, ఎలా అవ్వాలో నువ్వే చూసుకో." ఆయన 'అవ్వాలి, అవ్వాలి' అని అన్నిసార్లు ఎందుకన్నాడో అప్పుడు నాకు తెలియలేదు. విధి అనేది ఒక్కోసారి గోదావరి యాసలో ముందే చెబుతుందని ఇప్పుడనిపిస్తుంది.

మహబూబాబాద్‌ను మా వైపు మానుకోట అంటారు. ఆ హాలు మానుకోటలో రైలు పట్టాల పక్కనే ఉంది. బండి పోయినప్పుడల్లా కప్పు మీది రేకులు గలగలమని, స్క్రూలు ఒక్కో చుట్టు వదులై, వానాకాలం వచ్చేసరికి జల్లెడైపోయేది. ఆ ఊరి జనానికి ఎక్కడ కారుతుందో కంఠతా వచ్చు. పెళ్ళికి వచ్చినవాళ్ళు వధూవరుల్ని తర్వాత చూసేవారు, ముందు పైకి చూసి కుర్చీ జరుపుకునేవారు. శ్రావణమాసం లగ్గాలకు కట్నాలు చదివించే చేత్తోనే గొడుగు కూడా పట్టుకొచ్చేవారు. ఒక పెళ్ళిలో తలంబ్రాల మీద తుప్పు నీళ్ళు పడి పెళ్ళికూతురు తరఫువాళ్ళు, పెళ్ళికొడుకు తరఫువాళ్ళు కలిసి యజమానిని తిట్టారట. (ఆ రెండు పక్షాలూ ఏకమైన సందర్భం అదొక్కటేనని అంటారు.)

ఆ యజమాని పేరు చెప్పను, ఊరంతా పంచాంగం చాచా అంటారు. కుర్రతనంలో శామియానాలు, వంట గిన్నెలు కిరాయికిచ్చే కొట్టుతో మొదలుపెట్టి హాలు కట్టిన మనిషి. ఐదు పూటలా నమాజు చేస్తాడు, నమాజు అయ్యాక పంచాంగం తిరగేస్తాడు. ఏ నెలలో ఏ తిథికి ముహూర్తబలం ఉందో, గురుమూఢం ఎప్పుడు పడుతుందో, శుక్రమూఢం ఎప్పుడు విడుస్తుందో అయ్యగార్లు కూడా ఆయన్నే ఫోన్ చేసి అడిగేవారు. ఆయన గదిలో గోడకు రెండు క్యాలెండర్లు: ఒకటి తెలుగుది, ఒకటి చంద్రుడి బొమ్మతో ఉర్దూది. నేను నా చార్టు విప్పి బల్లమీద పరిచి, కడుగుడు ఇన్ని రోజులు, తుప్పు మందు ఇన్ని రోజులు, పూత ఇన్ని రోజులు, ఆరుడు ఇన్ని రోజులు అని అప్పజెబితే ఆయన గడ్డం నిమురుకుంటూ ఓపికగా విన్నాడు. "చార్టు మంచిగున్నది బేటా. గని దీంట్ల లగ్గాలు ఏవి?" అన్నాడు.

లగ్గాలు నా చార్టులో లేవు. ఆయన క్యాలెండర్ల నిండా అవే ఉన్నాయి. ఎండ ఉన్న నెలల్లో హిందువుల లగ్గాలు, అవి లేని రోజుల్లో నికాలు, అవీ లేని రోజుల్లో ఆడపిల్లల చీరల ఫంక్షన్లు. హాలు ఖాళీగా ఉండేది ఆషాఢంలో. అప్పుడు ఆకాశం ఖాళీగా ఉండదు. నేను వారానికొకసారి జనగామ నుంచి రైలెక్కి పోయి, ఆయనిచ్చే ఛాయ్ తాగి, కొత్త చార్టు పరిచి, దాన్ని మళ్ళీ చుట్ట చుట్టుకుని వచ్చేవాణ్ణి. భూపాలపల్లిలో ఇంకో పని మీద ఉన్న మా మేస్త్రీ, "సారూ, తారీకు చెప్పు, బండెక్కుతం" అని ఫోన్ చేసేవాడు. నేను తారీకు చెప్పేవాణ్ణి, వాళ్ళు డబ్బాలు సర్దుకునేవారు, నేను మళ్ళీ వద్దనేవాణ్ణి. మేస్త్రీ గొంతులో నా మీద మర్యాద ఫోన్ ఫోన్‌కూ తగ్గుతూ వచ్చింది. 'సారూ' పోయి 'ఓ అన్నా' అయింది, తర్వాత 'ఏందన్నా గిది' అయింది.

అలాంటి రోజుల్లో చాచా ఒకనాడు తానే ఫోన్ చేశాడు. "బేటా, అల్లా మెహర్బాన్! శుక్రమూఢం గీసారి నడి ఎండాకాలంల పడ్డది. ఇటు మూఢం, అటు మాకు రెండు ఈదుల నడిమి ఖాలీ మహీనా. లగ్గాల్లేవు, నికాల్లేవు. రోహిణి కార్తె నిండ హాలు నీదే!" రోళ్ళు పగిలే రోహిణి ఎండలు, కింద నరమానవుడు లేని హాలు! నేను ఫోన్ పట్టుకుని జనగామ బస్టాండులో గంతులేశాను. మామిడిపండ్లు అమ్మే అక్క "ఏం బిడ్డా, కొలువొచ్చిందా?" అని అడిగింది. ఉన్న కొలువు నిలిచిందక్కా అన్నాను. చార్టు సారు కూడా సంతోషించి, "చూశావా, శుక్రుడే మన ప్లానుకి పక్కకి తప్పుకున్నాడు" అన్నాడు. ఆ చార్టును నేను రంగుల్లో తీయించాను.

దాన్ని చాచా ముందు పరిచినప్పుడు, ఫోన్‌లో వినబడిన సంబరం ఆయన మొహంలో లేదు. ఛాయ్ వచ్చింది, చల్లారింది. ఆయన చార్టును నా వైపే జరిపాడు. "బేటా, ఒక్క మాట మరిసిన. నేను జబాన్ ఇచ్చి ఉన్న."

"ఎవలికి చాచా? మూఢంల లగ్గం ఎవలు చేత్తరు?"

"మూఢం లగ్గానికి బేటా. సావుకు మూఢం ఏంది?"

సంగతి ఇదీ. రైలు గేటు పక్కన పెద్ద కుటుంబం ఉంది. ఐదుగురు కొడుకులు, పెద్దాయన మిర్చి వ్యాపారి. వాళ్ళ అమ్మను ఊరంతా గేటవ్వ అంటారు. ఆమె మంచాన పడింది. పోయిన పదకొండో రోజున పెద్దకర్మ ఈ హాల్లోనే చేస్తామని, తారీకు ఏదైనా హాలు తమకే ఇవ్వాలని పెద్దకొడుకు ముందే మాట తీసుకున్నాడు. "నా శామియానకు తొలి బోణి ఆ అవ్వదే బేటా. కిరాయి పైసలు కొంగుల కట్టుకొచ్చి నా చేతుల వెట్టింది. ఆమె దినానికి నేను హాలు లేదంటనా? ఆమె బంధువులు తినంగ మీదికెల్లి ఒక్క చుక్క పడ్డా, రంగు వాసనొచ్చినా నా ఇజ్జత్ ఉంటదా?" అన్నాడు. నేను చార్టు చుట్ట చుడుతూ, ఎట్లున్నదట ఆమెకు అని అడిగాను. "ఇయ్యాలో రేపో అన్నట్టున్నది" అన్నాడు చాచా. తర్వాత తన మాట మీద తనకే అనుమానం వచ్చినట్టు, "దసరా కాణించి గట్లనే అంటాన్రు" అని కలిపాడు.

రైల్లో తిరిగొస్తూ నేను లెక్క వేసుకున్నాను. అవ్వ ఇప్పుడే పోతే కర్మ అయ్యేదాకా పని మొదలు కాదు, ఈలోపు రోహిణి సగం అయిపోతుంది. పని మొదలయ్యాక పోతే, స్క్రూలు ఊడదీసిన కప్పు కింద కర్మ జరగదు, పని ఆగుతుంది. ఎటుపోయినా మృగశిర, అదే మా వైపు మిరుగం, వస్తుంది, వాన వస్తుంది, నేను చీకటి పడ్డాక ఇంటికి పోవాలి. దేశంలో ఎందరో ఇంజినీర్లు సిమెంటు మీద, ఇనుము మీద, బడ్జెట్ల మీద ఆధారపడి పనులు చేస్తారు. నా పని ఒక ముసలమ్మ ఊపిరి మీద ఆధారపడింది. నాకు నవ్వు కూడా రాలేదు. కిటికీకి తల ఆనించి కూర్చున్నాను, కేసముద్రం ఎప్పుడు పోయిందో కూడా తెలియలేదు.

ప్లానులో దేన్నీ దాచకూడదని చార్టు సారు నేర్పిన పాఠం. అందుకని కొత్త చార్టులో అన్ని గీతల కింద, పని మొదటి రోజు నుంచి ఆఖరి రోజు దాకా ఒక పొడుగాటి గీత గీసి, పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో అవ్వ అని కొట్టాను. చార్టు సారు కళ్ళద్దాలు పైకి తోసుకుని చూశాడు. "ఏ.వి.వి.ఏ... ఏవిటయ్యా ఇది? కొత్త ప్రైమరా?"

నిజం చెబుదామని నోరు తెరిచాను. బ్యాగు గుర్తొచ్చింది. "ఔను సార్. గిది ఉంటెనే మిగతయన్ని నిలవడ్తయి."

"మరి ఎంతకాలం నిల్వ ఉంటుందో కనుక్కున్నావా?"

"గదే తెలుస్తలేదు సార్."

"ఎండ తగలకుండా నీడలో పెట్టించు. ఇలాంటివి వేసవిలో త్వరగా పాడైపోతాయి" అన్నాడాయన, ఎంతో అనుభవంతో. నేను తలూపి, మరుసటి రోజు పొద్దున్నే బత్తాయిలు కొనుక్కుని రైలెక్కాను.

గేటవ్వ ఇంటి ముందు రేకుల పందిరి, పందిరి కింద మంచం, మంచం చుట్టూ ప్లాస్టిక్ కుర్చీల్లో కొడుకులు. ఎక్కడెక్కడి నుంచో సెలవులు పెట్టుకొచ్చి, ఫోన్లు చూసుకుంటూ, మధ్యమధ్య అమ్మ వైపు చూసి నిట్టూరుస్తున్నారు. నేను చాచా పంపిన మనిషినని చెప్పుకొని మంచం దగ్గరికి పోయాను. ఎండిన మక్కకంకిలా ఉంది మనిషి. కళ్ళు మాత్రం బాగా పని చేస్తున్నాయి.

"ఎవలోళ్ళవు కొడుకా?"

"జఫర్‌గఢ్ అవ్వా."

"మా అక్కనిచ్చిండ్రు ఆడ. గుట్ట మీద ఖిల్లా ఉంటది." బత్తాయిల సంచి వైపు చూసి మొహం చిట్లించింది. "గీ పుల్లటియి ఎవలు తింటరు? మీ ఊళ్ళె తాళ్ళు గియ్యరా ఏంది?"

ఆ సాయంత్రం నాయినకు ఫోన్ చేసి ఒక సీసా తాటికల్లు బస్సులో పంపమన్నాను. "గిది గూడ పోయిందార?" అన్నాడాయన. పోలే నాయినా, పోవద్దనే కల్లు అన్నాను. ఆయనకేం అర్థమయిందో తెలియదు గానీ, రెండు సీసాలు పంపాడు.

ఆ తర్వాత నేను రోజు విడిచి రోజు పోయాను. కోడళ్ళు చూడకుండా గ్లాసులో కొంచెం కల్లు, ఇంటి నుంచి తెప్పించిన సర్వపిండి ముక్క. అవ్వ ఒకరోజు లేచి కూర్చుంది. మరోరోజు జొన్న గటక కావాలని అడిగింది. ఇంకోరోజు నేను పోయేసరికి చిన్నకోడలు వాకిట్లో ఏడుస్తూ కనబడింది. స్క్రూలు, డబ్బాలు, బ్యాగు అన్నీ కళ్ళముందు తిరిగాయి. "ఏమైందక్కా?" అంటే, "నన్ను నోటికొచ్చినట్టు తిట్టింది తమ్మీ. ఉప్పెక్కువైందట" అంది. తిట్టే ఓపిక వచ్చిందని విని నాకు కలిగిన ఆనందాన్ని ఆ కోడలు ఎలా అర్థం చేసుకుందో గానీ, నా వైపు అదోలా చూసి లోపలికి పోయింది.

అసలు ఆ ఇంట్లో అందరూ నన్ను అదోలా చూడటం మొదలుపెట్టి అప్పటికే కొన్నాళ్ళయింది. పేగుబంధం లేని పిల్లగాడు చావుబతుకుల్లో ఉన్న ముసలమ్మకు ఎందుకు సేవ చేస్తాడు? భూమి ఉన్న ముసలమ్మకు! ఒకరోజు నేను మంచం పక్కన కూర్చుని ఉండగా పెద్దకొడుకు వచ్చి, నా చంకలోని చార్టు చుట్టను లాక్కున్నాడు. "గిదేంది? పట్టా కాయిదమా? మా అవ్వతోని ఏలిముద్ర ఏపిచ్చుకుంటానవా?" అని అరిచి దాన్ని మంచం మీద, అవ్వ కాళ్ళ మీదుగా పరిచాడు. తమ్ముళ్ళందరూ మూగారు. వాళ్ళకు కడుగుడు అర్థం కాలేదు, తుప్పు మందు అర్థం కాలేదు. రెండోవాడి వేలు మాత్రం జారి జారి కింది గీత దగ్గర ఆగింది. "అన్నా... గీడ అవ్వ అని రాసున్నది." అందరూ వంగి చూశారు. "అవ్వకు గీత గీసిండు! గీత గీ తారీకు కాడ ఒడుస్తాంది!"

ఆ ఇంట్లో లేచిన గొడవ రైలు గేటు అవతలికి వినబడి ఉంటుంది. ఒకడు నా గల్లా పట్టుకున్నాడు. ఒక కోడలు నన్ను మంత్రగాణ్ణంది. కల్లు సీసా బయటపడింది, దాన్ని వాసన చూసి మందు పెట్టాడన్నారు. నేను ఏడ్చేశాను. సిగ్గు లేకుండా, పెద్దగా, ముక్కు కారేలా ఏడుస్తూ మొత్తం చెప్పేశాను. చాచా జబాన్, శుక్రమూఢం, ఖాలీ మహీనా, మిరుగం, బ్యాగు, చీకటి పడ్డాక రమ్మన్న నాయిన. "అవ్వ ఉంటెనే నా పని అయితదన్నా. అవ్వ పోవద్దు, గంతే. ఇంకేం లేదు నా కడుపుల" అన్నాను.

మంచంలోంచి గరగరమని ఒక చప్పుడు వచ్చింది. ఆఖరి గురకేమోనని అందరం అటు తిరిగాం. అవ్వ నవ్వుతోంది. నవ్వి, దగ్గి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "గల్లా ఇడువుర. పెద్దోడా, నీకే చెప్పుడు, ఇడువు" అంది. తర్వాత కొడుకులందర్నీ ఒక్కొక్కణ్ణి చూసింది. "దసరా కాణించి మీరు రోజు వచ్చి నా ముక్కు కాడ ఏలు వెట్టి సూత్తాన్రు. నాకెర్క లేదనుకున్నరా? గీ అవ్వ ఉండాలె అన్నోడు గీడొక్కడే. రంగు కోసమైతేంది, ఉండాలె అన్నడు గద."

పెద్దకొడుకు చార్టును నెమ్మదిగా చుట్ట చుట్టి నా చేతికిచ్చాడు. అవ్వ నన్ను దగ్గరికి పిలిచింది. "నీ రంగు ఆరేదాక నేను సావొద్దు. గంతేనా?"

నేను తలవంచుకుని ఊఁ అన్నాను.

"సరె పో. సావను. పని సురువు వెట్టుకో. గని పొద్దుమూకి వచ్చి ఎంతదాక వచ్చిందో నాకు చెప్పాలె."

మరుసటి రోజు భూపాలపల్లి నుంచి మేస్త్రీ మనుషులతో దిగాడు. వాళ్ళు కప్పెక్కి మొదటి స్క్రూ విప్పుతుంటే నా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కింద నిలబడ్డాను. ఒక ముసలి మనిషి మాట మీద కప్పు విప్పిన ఇంజినీరు నేనొక్కణ్ణేనని, ఆ మాట తప్పితే ఎవరి మీద కేసు వెయ్యాలని ఆలోచించాను. సాయంత్రాలు పోయి అప్పజెప్పేవాణ్ణి: కడుగుడు అయింది అవ్వా, తుప్పు మందు అయింది అవ్వా, ప్రైమర్ అయింది అవ్వా. చార్టు సారుకు కూడా నేనంత భయంగా ఎప్పుడూ లెక్క చెప్పలేదు. ఆమె తన మంచాన్ని హాలు కనబడేలా తిప్పించుకుంది. మొదటి పూత ఎండలో తెల్లగా మెరిస్తే చెయ్యి నొసటికి అడ్డం పెట్టుకుని చూసి, "మంచిగున్నది, అంగడి తట్టల వోసిన ఉప్పు తీరుగ" అంది. తడి పూత మీద కోతులు అడుగులు వేస్తే పందిరి కింద నుంచే బూతులు లంకించుకుంది. మేస్త్రీకి వినబడకపోయినా కోతులకు వినబడ్డట్టే ఉంది, పారిపోయాయి. ఒక మధ్యాహ్నం ఉత్తరాన నల్లటి మబ్బు లేస్తే నేను పందిరి కింద కూలబడిపోయాను. ఆమె మబ్బు వైపు, నా వైపు చూసి, "నేనే ఆగిన. అదాగదా?" అంది. ఆగింది. తొర్రూరులో కురిసిందట.

రెండో పూత ఆరింది. మిరుగం నాడు మానుకోటలో ఇళ్ళన్నీ చేపల కూర వాసన కొడుతుంటే తొలి వాన పడింది. నేనూ చాచా ఖాళీ హాలు మధ్యలో నిలబడి నోళ్ళు తెరుచుకుని పైకి చూశాం. గూడ్సు బండి పోయింది, కప్పు కదిలింది, చుక్క రాలేదు. చాచా నన్ను కౌగిలించుకుని ఏడ్చాడు. నేను తడుస్తూ పరుగెత్తి పోయి అవ్వకు చెప్పాను. ఆమె పెదవి విరిచింది. "గిది వానా? గిది తుంపర. పెద్దవాన నా దినం నాడు పడ్తది. గప్పుడు నేనే వచ్చి సూత్త నీ రంగు సంగతి."

"నువ్వు ఇప్పట్ల పోవవ్వా" అన్నాను, నిజంగానే.

"ఏం, ఇంకో కప్పు దొరికిందా?" అంది.

ఆ మాటే ఆమె నాతో ఆఖరున మాట్లాడింది. ఆషాఢం నడుస్తుండగా నేను భూపాలపల్లిలో ఒక గోదాము కప్పు కొలుస్తున్నాను. చాచా ఫోన్ చేసి "అవ్వ పోయింది బేటా" అన్నాడు. నాకు మొదట వచ్చిన ఆలోచన, సిగ్గుగా ఉంది చెప్పడానికి, ఏ కప్పు విప్పి ఉంది అని. ఏదీ విప్పి లేదు. పని అయిపోయింది, ఆమెతో ఇక నాకు ఏ పనీ లేదు. అప్పుడు అక్కడే, కొలిచే టేపు చేతిలో పట్టుకుని, పిట్టగోడ మీద కూర్చుని ఏడ్చాను. కొలువు పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు.

పెద్దకర్మ రోజు పొద్దున్నుంచే కుండపోత. మానుకోట జనం అలవాటు ప్రకారం గొడుగులతో వచ్చి, పైకి చూసి, కారే చోట్లు వదిలేసి కూర్చున్నారు. హాలు మధ్యలో ఖాళీ కుర్చీలు మిగిలిపోయాయి. నేను పోయి సరిగ్గా అక్కడే, ఒకప్పుడు అన్నింటికంటే ఎక్కువగా కారిన చోట కూర్చున్నాను. నా విస్తట్లో అన్నం ఆవిరి కక్కుతోంది, పైన వాన రేకుల్ని బాదుతోంది. రైలు వచ్చింది. ఆ చప్పుడుకు వడ్డించేవాళ్ళతో సహా అందరూ తలలెత్తారు. బండి పోయేదాకా చూసి, ఒక్కొక్కరే తలలు దించుకుని తినడం మొదలుపెట్టారు. పెద్దకొడుకు కూర గిన్నె పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. అడగకుండానే రెండు గరిటెలు వేశాడు, ఒక్క క్షణం తానూ పైకి చూశాడు. "వచ్చి సూసుకున్నది తమ్మీ" అన్నాడు.

ఏ కొలువు కోసం నేను అంత అల్లాడానో ఆ కొలువు దసరా కూడా దాటలేదు. పైవాళ్ళ పైవాళ్ళు జనగామ బ్రాంచిని మూసేశారు, చార్టు సారు నాకంటే ముందే బ్యాగు సర్దుకున్నాడు. నేను నాయిన మాట ప్రకారం చీకటి పడ్డాక ఇల్లు చేరాను. మర్నాడు పొద్దున్నే చాచా ఇంకో హాలు యజమానిని వెంటబెట్టుకుని మా ఊరొచ్చాడు. ఆ కప్పు నా సొంతంగా చేశాను, దాని తర్వాత మరొకటి. ఇప్పుడు మిట్టమధ్యాహ్నం బస్సు దిగి ఇంటికి పోతాను. "మావోడు కప్పులు బాగుచేత్తడు" అంటాడు నాయిన, ఎవరూ అడగకపోయినా.

నా దగ్గర పనిచేసే పిల్లలకు నేనే చార్టులు గీసిస్తాను. అన్ని గీతల కింద, మొదటి రోజు నుంచి ఆఖరి రోజు దాకా ఒక పొడుగాటి గీత గీసి, పక్కన ఆ నాలుగు ఇంగ్లీషు అక్షరాలు కొట్టడం మానలేకపోయాను. కొత్తగా చేరినవాడెవడో ఒకడు దాని మీద వేలు పెట్టి, "సార్, గీ ఏ.వి.వి.ఏ. ఏం మెటీరియల్? యాడ దొరుకుతది?" అని అడుగుతుంటాడు. అప్పుడు వాడిలో, చంకలో చార్టు పెట్టుకుని బత్తాయిల సంచితో రైలెక్కిన ఆ బక్కపిల్లగాడు కనబడి నవ్వొస్తుంది. ఇప్పుడది దొరకడం లేదని చెప్పి, ఎందుకైనా మంచిదని ఒకసారి ఆకాశం వైపు చూస్తాను.